ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారుతున్నారా? పాత ఫోను అదే రోజు ఎక్స్‌ఛేంజ్‌కు ఇవ్వకండి

వ్యాపార వ్యవహారాలన్నీ ఫోనులోనే నడిపేవాళ్లకు ఈ హెచ్చరిక. కొత్త ఐఫోన్ కొంటూ పాత ఆండ్రాయిడ్ ఫోనును అక్కడికక్కడే ఎక్స్‌ఛేంజ్‌కు అప్పగించకండి. షాపువాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.

విజయవాడలో మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. ఆర్డర్లు, బిల్లుల ఫోటోలు, బాకీల లెక్కలు, మెడికల్ షాపులవాళ్లతో మాట్లాడుకున్న రేట్లు, సమస్తం వాట్సాప్‌లోనే ఉంటాయి. ఐఫోన్ కొనేటప్పుడు ఈ సంగతి షాపువాళ్లకు ముందే చెప్పి అడిగాను. "బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో ఉంది కదా సార్, ఐఫోన్‌లో లాగిన్ అవగానే అన్నీ వచ్చేస్తాయి" అని భరోసా ఇచ్చి, పాత ఫోను ఫార్మాట్ చేసి తీసుకున్నారు. ఆ భరోసా శుద్ధ అబద్ధం. ఐఫోన్‌లోని వాట్సాప్ గూగుల్ డ్రైవ్ బ్యాకప్‌ను తీసుకోదు. ఆపిల్‌వాళ్ల ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్‌లో దాచినదాన్నే తెచ్చుకుంటుంది. నంబరు నమోదు చేసి చూస్తే గ్రూపుల పేర్లు కనిపించాయి గానీ పాత మెసేజీ ఒక్కటీ లేదు. వెళ్లి నిలదీస్తే అది తమ బాధ్యత కాదన్నారు. ఫోనులు అమ్మడమే వృత్తిగా ఉన్నవాళ్లకు ఈ మాత్రం తెలియదంటే నేను నమ్మను.

చాట్లు తరలించడానికి అధికారిక మార్గం 2022 నుంచే ఉంది. పాత ఫోనులో ఆపిల్‌వాళ్ల 'మూవ్ టు ఐఓఎస్' యాప్ వేసుకోవాలి. ఐఫోన్‌ను మొదటిసారి ఆన్ చేసినప్పుడు, సెటప్ మధ్యలో, ఆండ్రాయిడ్ నుంచి డేటా తెచ్చుకుంటారా అని అడుగుతుంది. అక్కడ సరేనని, పాత ఫోనులో వచ్చే జాబితాలో వాట్సాప్‌ను తప్పకుండా ఎంచుకోవాలి. రెండు ఫోనులూ చార్జింగ్‌లో ఉండాలి, సెటప్ అయ్యాక ఐఫోన్‌లో వాట్సాప్ వేసుకుని పాత నంబరుతోనే లాగిన్ అవ్వాలి. ఏళ్ల తరబడి పోగైన చాట్లయితే చాలాసేపు పడుతుంది, షాపులో నిలబడి చేయించుకునే పని కాదు. "సెటప్ మేమే చేసిస్తాం" అని వాళ్లు ఆ దశను దాటించేస్తే, తర్వాత ఐఫోన్‌ను పూర్తిగా చెరిపి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. అందుకే డబ్బాకు సీలు తీయించినా సెటప్ మాత్రం ఇంట్లోనే చేసుకోండి.

డబ్బు లావాదేవీల దగ్గర మరో చిక్కు ఉంది. మన దగ్గర అమ్మే ఐఫోన్లలో చాలావాటికి ఒక్క సిమ్ కార్డే పడుతుంది, రెండో నంబరును ఈ-సిమ్‌గా, అంటే కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్‌గా మార్చుకోవాలి. అలా మార్చిన నంబరుకు 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. ఎస్సెమ్మెస్ వెళ్లనిదే యూపీఐ నమోదు కాదు, ఓటీపీ కూడా రాదు. నమోదయ్యాక కూడా కొత్త ఫోను గనక యూపీఐ చెల్లింపులకు కొంతకాలం రూ. 5,000 పరిమితి ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఇది 24 గంటలైతే, ఐఫోన్‌లో 72 గంటల దాకా పెట్టే బ్యాంకులున్నాయి. కంపెనీలకు చెల్లింపులు ఉన్న వారంలో ఫోను మార్చారో, సరుకు ఆగిపోతుంది. బ్యాంకుకు అనుసంధానమైన నంబరును సిమ్ కార్డుగానే ఉంచి, రెండోదాన్ని ఈ-సిమ్ చేసుకోవడం మేలు.

ఏపీకే (APK) ఫైలుగా, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైలుగా నేరుగా పంపే ఆర్డర్ యాప్‌లు ఐఫోన్‌లో ఎక్కవు. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌వాళ్లకు యాప్ స్టోర్‌లో యాప్ ఉందో లేదో కొనకముందే కనుక్కోండి. కాల్ రికార్డింగ్ ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18.1 నుంచి ఉంది, కానీ రికార్డవుతున్నట్టు అవతలివారికీ వినిపిస్తుంది. ఇది న్యాయమే, అయినా ఫోన్ కాల్‌లో ఆర్డర్లు తీసుకునేవాళ్లు ముందే తెలుసుకోవాలి. తెలుగు కీబోర్డు, మెయిల్, క్యాలెండర్ లాంటివాటికి భయం అక్కర్లేదు. వాడుతుంటే అలవాటవుతాయి.

ఇప్పటికే పాత ఫోను ఇచ్చేసి ఉంటే నిరాశపడకండి. డ్రైవ్‌లో బ్యాకప్ ఉంటే ఇంట్లో ఖాళీగా ఉన్న ఆండ్రాయిడ్ ఫోను ఏదైనా తీసుకుని, మీ గూగుల్ ఖాతాతో, మీ నంబరుతో వాట్సాప్ వేసి బ్యాకప్ తెచ్చుకోండి. తర్వాత ఐఫోన్‌ను రీసెట్ చేసి పైన చెప్పిన మార్గంలో తరలించండి. నా చాట్లు అలాగే తిరిగొచ్చాయి. కాకపోతే ఈలోగా ఐఫోన్‌లో వచ్చిన మెసేజీలు పోతాయి కాబట్టి, ముఖ్యమైన చాట్లను రీసెట్‌కు ముందే ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కు పంపుకోండి.