విజయనగరం ఆదివారం పాలిటీ క్లాసు: పాఠం బాగుంది, నోట్సు మార్చాలి

గ్రూప్స్‌కి చదువుతున్న మా సాలూరు, పార్వతీపురం పిల్లలు విజయనగరంలో ఏ క్లాసు బాగుంటుందని తరచూ అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. ఊరి మధ్యలో ఓ మేడ మీద ఆదివారం పొద్దున్న నడిచే పాలిటీ, కరెంట్ అఫైర్స్ క్లాసు ఇది. నోట్సు గురించి గట్టిగా అనాల్సినవి ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఫీజు నెలకి పన్నెండు వందలు, నోట్సుకి ఇంకో నాలుగు వందలు. మాస్టారి పాఠానికి ఆ పన్నెండు వందలు హాయిగా ఇవ్వొచ్చు. నోట్సుకి ఆ నాలుగు వందలు దండగ.

ఆయన చెప్పే తీరు తెలియాలంటే ఒక్క పాఠం గురించి చెబితే చాలు. అమెరికాలో అధ్యక్ష పదవికి నిలబడే మనిషి తన జోడీగా ఉపాధ్యక్ష అభ్యర్థిని, అదే రన్నింగ్ మేట్‌ని, ఎంచుకుంటాడు కదా, ఆ జోడీ నల్లజాతి మనిషో లాటినోనో (లాటిన్ అమెరికా మూలాలున్న మనిషి) భారతీయ మూలాలున్న మనిషో అయితే ఆ వర్గం ఓట్లు గంపగుత్తగా ఆ పార్టీకి పడిపోతాయా అన్నది ఆ రోజు ప్రశ్న. మొదలుపెట్టే ముందు పడతాయనేవాళ్లు చేతులెత్తమన్నారు, హాల్లో ముప్పాతిక మంది ఎత్తారు. 2020లో కమలా హారిస్‌ని పెట్టుకోబట్టే బైడెన్‌కి నల్లజాతి ఓట్లు పడ్డాయని టీవీల్లో విన్న మాటే అందరి నోటా వచ్చింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. బోర్డు మధ్యలో గీత గీసి ఎడమ పక్క ‘బూత్‌కి ఎంతమంది వచ్చారు’, కుడి పక్క ‘వచ్చినవాళ్లలో ఈ పార్టీకి ఎంతమంది వేశారు’ అని రాసి, ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడకండి అన్నారు.

ముందు ఎడమ పక్క నింపారు. ఒబామా రెండోసారి నిలబడిన 2012లో ఓటు హక్కున్న నల్లజాతివాళ్లలో 66.6 శాతం ఓటేశారు. 2016కి అది 59.6కి పడిపోయింది, అంటే వందకి ఏడుగురు ఇంట్లో ఉండిపోయారు. హారిస్ జోడీగా వచ్చిన 2020లో మళ్లీ 63 దగ్గరికి చేరింది. “చూశారా మాస్టారూ, పెరిగింది కదా” అంది మా బెంచీలో అమ్మాయి. “అందరిదీ ఎంత పెరిగిందో కూడా చూడాలమ్మా” అని పక్కనే ఇంకో వరస రాశారు: దేశం మొత్తం మీద 2016లో 61.4, 2020లో 66.8. ఆ ఏడాది కరోనా వల్ల ఇంటి నుంచి ఓటేసే వీలు పెరిగింది, ట్రంప్ ఉండాలా పోవాలా అన్న పట్టుదల రెండు వైపులా ఉంది, అందరూ వచ్చారు. మొత్తం ఓటింగ్ అయిదు శాతానికి పైగా పెరిగితే నల్లజాతి ఓటింగ్ మూడు శాతమే పెరిగింది, అలాంటప్పుడు ఆ పెరుగుదల హారిస్ ఖాతాలో ఎలా వేస్తాం? కుడి పక్క ఇంకా తేటగా ఉంది. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం 2016లో హిల్లరీ క్లింటన్‌కి నల్లజాతి ఓట్లలో 89 శాతం పడ్డాయి, ఆవిడ జోడీ టిమ్ కేన్ తెల్లవాడు. 2020లో బైడెన్, హారిస్‌లకి పడింది 87.

నాకు అన్నిటికన్నా నచ్చింది తేదీలు వరసగా పెట్టి చూపించడం. హారిస్ కూడా మొదట అధ్యక్ష పదవికే పోటీ పడింది, ఒక్క ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) కూడా జరగకముందే 2019 డిసెంబరులో తప్పుకుంది. 2020 ఫిబ్రవరి 29న సౌత్ కరోలినా ప్రైమరీలో మునిగిపోతున్న బైడెన్‌ని ఒడ్డుకి చేర్చింది నల్లజాతి ఓటర్లే, అక్కడి నల్లజాతి నాయకుడు జిమ్ క్లైబర్న్ మూడు రోజుల ముందు ఆయనకి మద్దతు ప్రకటించాడు. హారిస్‌ని జోడీగా ప్రకటించింది ఆగస్టు 11న. ఓట్లు ఎటు ఉన్నాయో అయిదు నెలలకి పైగా ముందే తేలిపోయింది. ఒబామా పక్కన ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషి, ట్రంప్‌ని ఓడించగలిగే మనిషి అని నల్లజాతి ఓటర్లు లెక్క వేసుకున్నారు. ఆ తర్వాత ఆ ఓటర్ల బలాన్ని పార్టీ గుర్తించింది, గుర్తించక తప్పలేదు.

ఇలాంటిదే 1984 సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పారు. పెద్ద పార్టీ టికెట్ మీద మొదటి మహిళ జెరాల్డిన్ ఫెరారో, అయినా ఎదుటి పార్టీ అధ్యక్ష అభ్యర్థి రీగన్ 49 రాష్ట్రాలు గెలిచాడు, ఆడవాళ్లలో సగానికి పైగా రీగన్‌కే వేశారు. రన్నింగ్ మేట్ల మీద ఏళ్ల తరబడి లెక్కలు తీసిన డివైన్, కాప్కో అనే ఇద్దరు రాజనీతి శాస్త్రజ్ఞుల మాట కూడా చెప్పారు: జోడీని చూసి నేరుగా ఓటు మార్చుకునేవాళ్లు తక్కువ, ఆ జోడీని ఎంచుకున్న తీరు చూసి అసలు అభ్యర్థికి బుర్ర ఉందా లేదా అని అంచనా వేసుకునేవాళ్లు ఎక్కువ. మెయిన్స్‌లో ఎస్సే రాసేవాళ్లు ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ప్రాతినిధ్యం మీద ఏ ప్రశ్న వచ్చినా పనికొస్తుంది.

ఇక మనవాళ్ల సంగతి. హారిస్ తల్లి పూర్వీకుల ఊరు తులసేంద్రపురం, తమిళనాడులో, అక్కడి గుళ్లో పూజలు చేశారు. 2024లో ట్రంప్ జోడీ వాన్స్ భార్య ఉష చిలుకూరి మూలాలు మన పశ్చిమ గోదావరి వడ్లూరులో అని తెలిసి తెలుగువాళ్లంతా మురిసిపోయారు. మురిసిపోవడంలో తప్పు లేదు. కానీ అక్కడ ఓటు ఉన్న భారతీయ సంతతి వాళ్లని కార్నెగీ అనే పరిశోధన సంస్థ సర్వే చేస్తే, హారిస్ జోడీగా ఉన్న 2020లో 72 శాతం బైడెన్‌కి వేస్తామన్నారు, హారిస్ తనే అధ్యక్ష పదవికి నిలబడిన 2024లో ఆవిడకి వేస్తామన్నది 61 శాతం. మన మనిషి జోడీ స్థానం నుంచి అసలు అభ్యర్థి స్థానానికి వెళ్తే మద్దతు పెరగాలి, తగ్గింది. ధరలు, వలసలు, ఉద్యోగాలు, ఎవరి లెక్కలు వాళ్లకున్నాయి.

అయితే ఆయన చివర్లో ‘ప్రభావం సున్నా’ అని ముగించేశారు, అది నేను ఒప్పుకోను, క్లాసులోనే చెప్పాను కూడా. 2020లో జార్జియాలో బైడెన్ మెజారిటీ 11,779 ఓట్లు. మన దగ్గర ఒక్క అసెంబ్లీ సీటులో ఇంతకన్నా పెద్ద మెజారిటీలు వస్తాయి. అంత సన్నని తేడా ఉన్నచోట వందకి ఒకరిద్దరు ఉత్సాహంగా గడప దాటినా ఫలితం మారొచ్చు. హారిస్‌ వల్లే అలా జరిగిందని నేననడం లేదు, జార్జియాలో స్టేసీ ఏబ్రమ్స్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఓటర్లని నమోదు చేయించిన కష్టం ఉంది. కానీ సగటు చూసి సున్నా అనేస్తే చివరి పదివేల ఓట్లు కనిపించవు. మాస్టారు విని, “ఈ పాయింటు ఉండాలి” అని బోర్డు కింద రాయించారు. పిల్లలు ఎదురు చెబితే విసుక్కోకుండా వినే మాస్టారు దొరకడం కష్టం, ఈయన వింటారు.

నోట్సు మాత్రం ఆయన రాసింది కాదు, ఎక్కడి నుంచో తెచ్చి జిరాక్స్ తీయించి అమ్ముతున్నారు. అందులో ‘శ్వేతజాతీయులు కాని మొదటి అమెరికా ఉపాధ్యక్షులు కమలా హారిస్’ అని అచ్చులో ఉంది. తప్పు. హారిస్ ఆ పదవిలో మొదటి మహిళ, మొదటి నల్లజాతి మనిషి, మొదటి దక్షిణాసియా మూలాల మనిషి. ఆవిడకన్నా చాలా ముందు, 1929 నుంచి 1933 దాకా, అధ్యక్షుడు హూవర్ దగ్గర ఉపాధ్యక్షుడిగా చేసిన చార్లెస్ కర్టిస్ తల్లి వైపు కా తెగ మనిషి, ఆదివాసీ. బిట్ పేపర్లో ఇది అడిగితే నోట్సు చదివినవాళ్లకి మార్కు పోతుంది. మార్కు సంగతి అలా ఉంచండి, గిరిజన ప్రాంతం నుంచి వచ్చిన నాకు ఆ మనిషి పేరు ఎగిరిపోవడం బాధగా అనిపించింది. ఎందుకంటే ఈ పాఠానికి కర్టిస్‌ని మించిన ఉదాహరణ లేదు. కొన్ని తెగల సొంత పాలన తీసేసి వాళ్ల ఉమ్మడి భూముల్ని ముక్కలు చేసి పంచిన 1898 చట్టం ఆయన పేరు మీదే ఉంది. మా దగ్గర గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం లేకపోతే భూములు ఏమయ్యేవో తెలిసినవాళ్లకి ఆ చట్టం ఎంత పని చేసిందో వేరే చెప్పక్కర్లేదు. ఆయన జోడీగా నిలబడిన 1928 నాటికి ఆదివాసీలందరికీ పౌరసత్వం వచ్చి నాలుగేళ్లే, అరిజోనా, న్యూమెక్సికోల్లో వాళ్లకి ఓటు 1948 దాకా ఇవ్వనే లేదు. టికెట్ మీద మనవాడు ఉన్నాడు, మనకి ఓటు లేదు, ఉన్న భూమి ఆయన చట్టంతోనే పోయింది. ఒక గంట చెప్పాల్సిన పాఠం ఇది, నోట్సులో ఒక్క వరస లేదు.

రెండో లోటు, మన దగ్గరి సంగతి క్లాసులో రాకపోవడం. చీపురుపల్లి వైపు కుర్రాడు ఒకడు అడిగాడు: “మనోడని ఏస్తారా, పని సేస్తాడని ఏస్తారా మాస్టారూ?” నవ్వి ఊరుకున్నారు, పరీక్షకి రాదనుకున్నారేమో. కానీ ఈ ప్రశ్నకి మా జిల్లాల్లోనే జవాబు ఉంది. 2019లో జగన్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, కాపు వర్గాల నుంచి అయిదుగురిని ఉప ముఖ్యమంత్రులుగా పెట్టింది. ఎస్టీల నుంచి కురుపాం ఎమ్మెల్యే పుష్పశ్రీవాణి, 2022లో ఆ స్థానంలో మా సాలూరు రాజన్నదొర. ఊళ్లో సంతోషపడ్డ మాట నిజం, ఫ్లెక్సీలు కట్టారు, మిఠాయి పంచారు. 2024లో ఇద్దరూ తమ సొంత సీట్లలోనే ఓడిపోయారు. రాజన్నదొర 2009 నుంచి వరసగా గెలుస్తూ వచ్చిన మనిషి. రిజర్వుడు సీటు కాబట్టి ఎదుటి అభ్యర్థీ గిరిజనులే, ‘మనోడు’ అన్న మాట ఇద్దరికీ సమానంగా వర్తిస్తుంది, ఇక చూసేది పనే. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది, బోయ, వాల్మీకుల్ని ఎస్టీల్లో చేర్చాలని 2023 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసింది. డీఎస్సీకి చదువుతున్న ఇళ్లలో ఈ రెండింటి గురించి మాట్లాడుకున్నంతగా ఉప ముఖ్యమంత్రి పదవి గురించి మాట్లాడుకోలేదు. రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకొచ్చే కొండ ఊళ్లలో ఇంకేం మాట్లాడతారు.

లెక్క తీస్తే ఇంకో సంగతి కూడా ఉంది, దాచకూడదు. రాష్ట్రంలో ఎస్టీ సీట్లు 7. పదవులేవీ ఇవ్వకముందు 2019లో ఏడూ జగన్ పార్టీవే. 2024లో మిగిలినవి రెండు, అరకు, పాడేరు. రాష్ట్రం మొత్తం మీద 175లో 11కి పడిపోయిన పార్టీకి ఏడింట రెండు నిలవడం చిన్న సంగతేం కాదు, అంటే గిరిజనుల్లో కొంత పట్టు ఉంది. కానీ నిలిచినవి ఉప ముఖ్యమంత్రుల సీట్లు కావు. పదవి ప్రభావమే అయితే ముందు కురుపాం, సాలూరు నిలవాలి. బోర్డు మీద గీసిన ఆ రెండు గళ్లలోనే ఈ అంకెలు పెట్టి చెప్పమని మాస్టారిని అడిగాను. వచ్చే బ్యాచ్‌లో చెబుతానన్నారు.

మిగతావి క్లుప్తంగా. మైకు మధ్యమధ్యలో గుర్రుమంటుంది, ముందు మూడు బెంచీల్లో కూర్చుంటే ఇబ్బంది లేదు. ఆడపిల్లలకి బాత్రూం కింద అంతస్తులో ఉంది, తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, ఆయన టీకి వెళ్తే గోవిందా. ఇది ఆఫీసులో చెప్పినా పట్టించుకోలేదు, చేరేవాళ్లంతా అడిగితే మారుస్తారేమో. క్లాసు ఒంటిగంటన్నరకి వదులుతారు, ఆర్టీసీ కాంప్లెక్స్ నడిచే దూరమే, సాలూరు, పార్వతీపురం వాళ్లు పొద్దు వాలకముందే ఇంటికి చేరిపోవచ్చు. మొదటి ఆదివారం ఫీజు కట్టకుండా కూర్చోనిస్తారు, విన్నాక కట్టండి. కౌంటర్లో నోట్సు తప్పనిసరి అన్నట్టు మాట్లాడతారు, తప్పనిసరి కాదు, రసీదు మీద క్లాసు ఫీజు వరకే రాయించుకోండి.