స్టిక్కరు, నంబరు, సామాను, లోహం: పాత ఇటాలియన్ సైకిల్ ఫ్రేములో ఏది నమ్మితే మేలు?

1970లు, 80ల నాటి ఇటాలియన్ రేసింగ్ ఫ్రేము అమ్మకానికి వస్తే అమ్మేవాళ్లు మూడు ఆధారాలు చూపిస్తారు: పైనున్న రంగూ స్టిక్కర్లూ, ఎక్కడో కొట్టిన నంబరు, బిగించి ఉన్న కాంపన్యోలో (ఇటలీ సైకిల్ భాగాల కంపెనీ) సామాను. నాలుగోది ఫ్రేము లోహం. దాన్ని మనం అడిగితే తప్ప చూపించరు. ఈ నాలుగింటిలో దేనికెంత విలువ ఇవ్వాలో తేల్చే ప్రశ్న ఒక్కటే: దాన్ని మార్చడానికి ఎంత శ్రమ పడుతుంది? స్టిక్కరు మార్చడం ఒక పూట పని. బాటమ్ బ్రాకెట్ షెల్ (పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం) మార్చాలంటే ట్యూబులు ఊడదీసి మళ్లీ బ్రేజింగ్ (వేరే లోహం కరిగించి అతకడం) చేయాలి. ఎవరూ మోసం కోసం అంత పని పెట్టుకోరు.

రంగు, స్టిక్కర్లు

కోల్నాగో, డి రోసా, మాసి, చినెల్లి లాంటి ఏ ఇటాలియన్ తయారీదారు పేరుకైనా కొత్తగా అచ్చువేసిన స్టిక్కర్లు సులువుగా దొరుకుతాయి. మళ్లీ రంగు వేయడం తప్పేమీ కాదు. రేసుల్లో తిరిగిన ఫ్రేముకు రెండు మూడు సార్లు రంగు పడటం మామూలే. లగ్ (ట్యూబులు కలిసే చోట ఉండే లోహపు తొడుగు) అంచులు పదునుగా కాకుండా మొద్దుబారినట్టుంటే, చెక్కిన గుర్తుల్లో పెయింటు నిండిపోయి ఉంటే, బాటమ్ బ్రాకెట్ థ్రెడ్ల మీద రంగు తుంపరలుంటే మళ్లీ వేశారని అర్థం.

అసలు స్టిక్కరు కూడా కట్టినవాళ్ల పేరు చెప్పాలని లేదు. రేసర్లు తమకు నచ్చిన పనివాడి దగ్గర ఫ్రేము కట్టించుకుని, దాని మీద స్పాన్సరు పేరు వేయించుకునేవారు. బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ మోల్టెని జట్టులో తొక్కిన ఫ్రేముల్లో ఊగో డి రోసా కట్టినవి ఉన్నాయి, వాటి మీద డి రోసా పేరు ఉండదు. బియాంకీ అనే ఇటాలియన్ కంపెనీది మరో రకం చిక్కు. అమెరికా మార్కెట్టు కోసం 1980ల్లో ఆ కంపెనీ చాలా ఫ్రేములను జపాన్‌లో కట్టించింది. అవి నకిలీవి కావు, బియాంకీకి గుర్తైన చెలెస్తె (లేత నీలి ఆకుపచ్చ) రంగూ నిజమే, కానీ ఇటలీలో కట్టినవి కావు. ఇటాలియన్ ధర పెట్టి కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

నంబరు

నంబరు లేదని అనుమానపడి మంచి ఫ్రేము వదులుకున్నవాళ్లున్నారు. కోల్నాగో స్టీల్ ఫ్రేముల్లో చాలావాటికి సీరియల్ నంబరే లేదు. షెల్ అడుగున కనిపించే 55, 57 లాంటి అంకె ఫ్రేము సైజు. దాన్ని తయారీ సంవత్సరమని చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. సీటు ట్యూబును సెంటీమీటర్లలో కొలిచి ఆ అంకెతో పోల్చి చూస్తే సంగతి తేలిపోతుంది. కొలిచే పద్ధతిని బట్టి ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా రావచ్చు. నంబరు ఉంటే సంతోషం, కానీ దాని ఒక్కదాని మీదే తీర్పు ఇవ్వకండి.

కాంపన్యోలో సామాను

దీనికో మంచి గుణం ఉంది, తేదీలు చెబుతుంది. నువోవో రికార్డ్ రకం వెనక డిరైలర్ (గేరు మార్చే భాగం) మీద ‘పేటెంట్ 74’ అనీ, రికార్డ్ హబ్ (చక్రం నడిమి భాగం) లాక్‌నట్ మీద ‘కామ్ 74’ అనీ సంవత్సరం కనిపిస్తుంది. అయితే ఆ తేదీ ఆ భాగానిదే, ఫ్రేముది కాదు. అరగంటలో విప్పి ఇంకో ఫ్రేముకు బిగించవచ్చు. భాగాలన్నీ ఒకటి రెండేళ్ల తేడాలోనే ఉండి, క్లాంపుల కింద రంగు అరిగిన గీతలు వాటి ఆకారంతో సరిపోతే ఫ్రేముతో మొదటినుంచీ కలిసి ఉన్నాయని నమ్మవచ్చు.

ఫ్రేము వెనక డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే గాళ్లు) మీదున్న కాంపన్యోలో ముద్ర సంగతి వేరు. అది బ్రేజింగ్ చేసినది కాబట్టి సులువుగా మారదు. కానీ ఆ డ్రాపౌట్లను ఇంగ్లండు, జపాన్, అమెరికా ఫ్రేముకర్తలు కూడా కొనేవారు. షెల్ మీద అచ్చుపోసిన చినెల్లి పేరూ అంతే. చినెల్లి తన షెల్లు, ఫోర్క్ క్రౌన్లు (ముందు ఫోర్కు పై భాగాలు) ఇతర ఫ్రేముకర్తలకు అమ్మింది. ఆ పేరు చూసి ‘చినెల్లి ఫ్రేము’ అని రాసి అమ్మకానికి పెట్టినవి కోకొల్లలు.

లోహం

మా ఓటు దీనికే. కావలసినవి వెర్నియర్ కాలిపర్, చిన్న టార్చి, 15 మి.మీ. సాకెట్, క్రాంక్ పుల్లర్ (పెడలు బిగించిన చేతిని, అంటే క్రాంకును, ఊడదీసే సాధనం).

సైకిలును తలకిందులు చేసి షెల్ వెడల్పు కొలవండి. ఇటాలియన్ షెల్ 70 మి.మీ., ఇంగ్లిషు షెల్ 68. షెల్ రెండు చివర్లా ఇరుసును పట్టి ఉంచే థ్రెడ్ల కప్పులుంటాయి, ఎడమ కప్పు మీద లాక్‌రింగు ఉంటుంది. కుడి కప్పు అంచుకూ ఎడమ లాక్‌రింగుకూ మధ్య దూరం షెల్ వెడల్పే కాబట్టి, ఏమీ విప్పకుండానే అడుగున స్కేలు పెట్టి చూడవచ్చు. క్రాంకులు తీశాక కాంపన్యోలో కప్పు మీద 36×24 ఎఫ్ అని ఉంటే ఇటాలియన్, 1.370×24 అని ఉంటే ఇంగ్లిష్ (మొదటి అంకె థ్రెడ్ వ్యాసం, ఇటాలియన్‌కు మి.మీ.లో, ఇంగ్లిషుకు అంగుళాల్లో; 24 అంటే అంగుళానికి ఉండే థ్రెడ్లు). ఇరుసు మీద కూడా 70 అనో 68 అనో మొదలయ్యే ముద్ర ఉంటుంది.

కుడి కప్పు విప్పేముందు ఆగండి. ఇటాలియన్ షెల్‌లో రెండు వైపులా మామూలు కుడి థ్రెడ్లే, కుడి కప్పు గడియారానికి ఎదురు దిశలో ఊడుతుంది. ఇంగ్లిషుదైతే కుడివైపు ఎడమ థ్రెడ్ ఉంటుంది, గడియారం దిశలో తిప్పాలి. తెలియకుండా బలం పెడితే థ్రెడ్లు చెడతాయి. ఇటాలియన్ కుడి కప్పు తొక్కుతూ ఉంటే దానంతటదే వదులయ్యే రకం, అందుకే దాన్ని చాలా గట్టిగా బిగిస్తారు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచండి. కప్పులు తీశాక షెల్ లోపలి వ్యాసం ఇటాలియన్‌కు దాదాపు 35 మి.మీ., ఇంగ్లిషుకు దాదాపు 33.7 వస్తుంది.

ఇక్కడో ఉచ్చు ఉంది. ఇంగ్లిషు షెల్ థ్రెడ్లు పాడైతే లోపల తొలిచి ఇటాలియన్ థ్రెడ్లు వేయడం పాత రిపేరు పద్ధతి. కాబట్టి థ్రెడ్ 36×24 ఉండి వెడల్పు 68 మాత్రమే ఉంటే, ఆ ఫ్రేము ఇంగ్లిషు షెల్‌తో పుట్టి తర్వాత మారిందని గట్టిగా అనుమానించాలి. వెడల్పు, థ్రెడ్ రెండూ కలిస్తేనే సాక్ష్యం. కలవకపోతే నకిలీ అని వెంటనే తేల్చేయకూడదు, ఎగుమతి కోసం ఇంగ్లిషు థ్రెడ్ వేసిన ఇటాలియన్ ఫ్రేములూ ఉన్నాయి.

కప్పులు తీసే ఉన్నాయి కాబట్టి టార్చి వేసి సీటు ట్యూబు, డౌన్ ట్యూబు (హ్యాండిల్ దగ్గర నుంచి షెల్‌కు దిగేది) లోపలికి చూడండి. ఇటాలియన్ ట్యూబుల కంపెనీ కొలంబస్ చేసిన ఎస్‌ఎల్‌ఎక్స్ రకం ట్యూబులకు షెల్ దగ్గర లోపల మెలికలు తిరిగిన ఐదు పక్కటెముకలు ఉంటాయి. అదే కంపెనీ ఎస్‌ఎల్ రకంలో అవి ఉండవు, అక్కడ ట్యూబు నున్నగా ఉంటుంది. ఎస్‌ఎల్ ఫ్రేము మీద ఎస్‌ఎల్‌ఎక్స్ స్టిక్కరు అంటిస్తే ఇక్కడ రెండు నిమిషాల్లో బయటపడుతుంది. సీట్‌పోస్టు (సీటు కింది గొట్టం) వ్యాసం 27.2 మి.మీ. అయితే ఎస్‌ఎల్‌కు సరిపోతుంది. కొలంబస్ ఎస్‌పీ రకం గోడలు మందం, ఎస్‌ఎల్ (చివర/నడుమ/చివర) 0.9/0.6/0.9 మి.మీ. అయితే అది 1.0/0.7/1.0, అందుకే దానికి 27.0 పడుతుంది. 26.2, 26.4 వచ్చిందంటే చాలావరకు చవక ట్యూబులే.

తయారీదారు సొంత గుర్తులూ ఇక్కడే ఉంటాయి. కోల్నాగోకు షెల్ అడుగునా, ఫోర్క్ క్రౌన్ మీదా పేకముక్కల్లోని కళావరు గుర్తు, డి రోసాకు గుండె గుర్తు. గుర్తు ఉందా లేదా అన్నదొక్కటే కాదు, ఎలా కోశారో చూడండి. అసలుదాని అంచులు ఒకే లోతులో, ఒకే తీరున ఉంటాయి. తర్వాత ఆకురాయితో చేసినదానిలో మూలలు అసమానంగా ఉండి గీతలు కనిపిస్తాయి.

కాలం తేల్చడానికి బ్రేజింగ్ చేసిన చిన్న భాగాలు కొంత సాయం చేస్తాయి. 1970ల మొదట్లో కేబుల్ గైడ్లు, సీసా స్టాండు చాలావరకు క్లాంపులతోనే బిగించేవారు. గేరు కేబుల్ షెల్ కింద నుంచి వెళ్లడం 1980ల పద్ధతి. కానీ రంగు వేయించేటప్పుడు కొత్తగా గైడ్లు అతికించడం తేలిక, కాబట్టి ఇవి సగం సాక్ష్యమే. వెనక చక్రం కూర్చునే చోటి వెడల్పు ఇంకా బలహీనం. ఐదు గేర్లకు 120, ఆరేడు గేర్లకు 126, ఎనిమిదికి 130 మి.మీ. అని లెక్క ఉన్నా, స్టీలును చల్లగానే సాగదీసి మార్చేస్తారు.

ఎవరికి ఏది?

తొక్కడానికే కొంటే రంగు, నంబరు పట్టించుకోనక్కర్లేదు. షెల్ థ్రెడ్లు, డౌన్ ట్యూబు హెడ్ లగ్ వెనక అడుగున ముడతలు, ఫోర్క్ వంపు చూస్తే చాలు. ముడత ఉందంటే ఎదురుగా గుద్దుకున్న బండి, ఎంత పేరున్నదైనా వదిలేయండి. సేకరణ కోసమైతే ముందు లోహం, తర్వాత సామాను తేదీలు, తర్వాత నంబరు, చివరికి స్టిక్కరు.

హైదరాబాద్‌లో కూర్చుని మిలాన్‌లో ఉన్న అమ్మకందారు దగ్గర కొంటుంటే మొదట అడగాల్సిన ఫోటో క్రాంకులు తీసిన షెల్ అడుగుది, పక్కన స్కేలు పెట్టి. రెండోది టార్చి వెలుగులో షెల్ లోపలిది. థ్రెడ్లు అరిగి ఉంటే బేరం గట్టిగా ఆడండి. ఇంగ్లిషు షెల్‌ను తొలిచి ఇటాలియన్ చేసుకోవచ్చు కానీ, ఇటాలియన్ షెల్ పాడైతే దానికంటే పెద్ద మామూలు కొలత లేదు. థ్రెడ్ అక్కర్లేని రకం బాటమ్ బ్రాకెట్ కొని బిగించుకోవడమే సులువైన దారి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.