జాగ్రత్త: "అచ్చం మీరు రాసినట్టే" పోస్టులు రాసిపెడతామనే ఏఐ టూల్ కొనేముందు ఇది చదవండి

సొంతంగా చిన్న పేజీ నడుపుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "ఒక్క క్లిక్‌తో 90 రోజుల కంటెంట్, మీ గొంతులోనే" అనే ప్రకటన చూసి డబ్బు కట్టబోతున్నవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి. నేను ఏడాది చందా కట్టాను. డబ్బు పోవడం ఒక ఎత్తు. నన్ను నమ్మి మెసేజ్ పెట్టిన ఒకావిడ మనసు నొచ్చుకోవడం ఇంకో ఎత్తు.

నేను పాత పుస్తకాలకి బైండింగ్ చేస్తాను. ఫారాలు (కలిపి కుట్టే కాగితాల కట్టలు) విడిపోయినవి, అట్ట ఊడిపోయినవి, చెద పట్టినవి వస్తుంటాయి. చేత్తో కుట్టి, జిగురు పట్టించి, మళ్లీ చదువుకునేలా చేసి ఇస్తాను. పని అయ్యాక ఒక ఫొటో పెట్టి, ఆ పుస్తకం గురించి నాలుగు ముక్కలు రాయడం అలవాటు. నాకు వచ్చే పనిలో సగానికి పైగా ఆ పోస్టులు చూసే వస్తుంది. పని పెరిగేకొద్దీ రాయడానికి టైమ్ చిక్కలేదు. ఈ వారం ఏం పెట్టాలి అన్న టెన్షన్ మొదలైంది. సరిగ్గా అప్పుడే ఈ టూల్ కంటపడింది.

చేరగానే కొన్ని ప్రశ్నలు అడిగింది. ఏం పని చేస్తారు, కస్టమర్లు ఎవరు, మీ శైలిని ఐదు మాటల్లో చెప్పండి. పాత పోస్టులు 20 ఎక్కించమంది. "మీ గొంతు నేర్చుకుంటున్నాం" అంటూ తెర మీద ఒక గీత నిండుతూ వచ్చింది. పది నిమిషాల్లో 90 పోస్టులు తేదీలతో సహా సిద్ధం. మొదటి పది చదివాను, పర్వాలేదనిపించింది. మిగతావి ఏ రోజుకి ఆ రోజు చూసుకోవచ్చులే అనుకున్నాను. నేను చూసినా చూడకపోయినా తేదీ రాగానే పోస్టు వెళ్లిపోయేలా అందులో ముందే ఆన్ చేసి ఉందని అప్పటికి నాకు తెలియదు. కామెంట్లకి, మెసేజ్‌లకి అదే జవాబిచ్చే సెట్టింగ్ కూడా అలాగే ఆన్‌లో ఉంది.

మూడో వారంలో నా పేజీలో ఒక పోస్టు వచ్చింది. "పాత కాగితం వాసన రాగానే మా అమ్మమ్మ గుర్తొస్తుంది. ఆమె ఒళ్లో కూర్చుని మొదటి పుస్తకం చదివాను" అని. నేను పుట్టకముందే మా అమ్మమ్మ పోయింది. ఆమె ఫొటో తప్ప నేనేమీ ఎరగను. ఆ పోస్టు కింద చాలామంది తమ అమ్మమ్మల గురించి రాశారు. ఒకాయన తన చిన్నతనం గురించి చాలా పెద్ద కామెంట్ పెట్టారు. వాళ్లు రాసినవన్నీ నిజాలు. పైన నా పేరుతో ఉన్నది అబద్ధం. పోస్టు తీసేసి, జరిగింది చెప్పి, క్షమాపణ రాశాను. సెట్టింగ్‌లన్నీ అప్పుడే చూసి ఉండాల్సింది. చూడలేదు.

తర్వాత వారం జరిగింది ఇంకా బాధాకరం. ఒకావిడ వాళ్ల నాన్నగారి డైరీ ఇచ్చారు. కుట్టు పూర్తిగా వదిలేసింది. ఆయన చనిపోయిన నెల దాకా రాశారు, తర్వాత పేజీలు ఖాళీ. కొత్త అట్ట వేసేటప్పుడు ఆ ఖాళీ కాగితాలు తీసేయాలా అని నేను అడిగితే, వద్దు, ఉండనివ్వండి అన్నారు. డైరీ అందాక ఆవిడ మెసేజ్ పెట్టారు: "అందిందండి. ఖాళీ పేజీలు అలాగే ఉంచారు. చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను." నిమిషం తిరక్కుండా నా పేరుతో జవాబు వెళ్లింది: "వావ్! మీ అద్భుతమైన ప్రయాణంలో భాగమైనందుకు ఎంతో ఆనందంగా ఉంది! ఆ ఖాళీ పేజీలను కొత్త కలలతో నింపేయండి!" చివర మూడు మెరిసే నక్షత్రాలు. ఆవిడ "సరే అండి" అని మాత్రం రాశారు.

రాత్రి చూసుకుని వెంటనే ఫోన్ చేశాను. ఆవిడ మర్యాదగానే మాట్లాడారు. "మీరు అలా రాయరే అనుకున్నాను" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

అసలు ఇది నా గొంతు ఎంత నేర్చుకుందో తేల్చుకుందామని ఇంకో ఈమెయిల్‌తో కొత్త ట్రయల్ తీసుకున్నాను. ఈసారి కుండలు చేసేవాళ్లమని చెప్పి, ఆ ఐదు మాటలూ మార్చి, పూర్తిగా వేరే ధోరణిలో రాసిన పోస్టులు ఎక్కించాను. నా బైండింగ్ పేజీకి "ప్రతి కుట్టులో ఒక కథ దాగి ఉంటుంది" అని ఒక పోస్టు ఇచ్చింది, దీనికి "ప్రతి కుండలో ఒక కథ దాగి ఉంటుంది" అని ఇచ్చింది. అమ్మమ్మ పోస్టు కూడా ఉంది. కాగితం వాసన బదులు మట్టి వాసన, అంతే తేడా. రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, తేదీలతో సహా వరస ఒక్కటే. కొనేముందు చేయాల్సిన పరీక్ష ఇదే. రెండు వేర్వేరు వృత్తుల పేర్లతో ట్రయల్ తీసుకుని, వచ్చినవి పోల్చి చూడండి. గంట పని, ఏడాది చందా మిగులుతుంది.

ఇలా ఎందుకవుతుందో తర్వాత తెలుసుకున్నాను. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చాక ఇలాంటి టూల్స్ చాలా పుట్టుకొచ్చాయి. వీటిలో చాలావాటికి సొంత మోడల్, అంటే రాతని పుట్టించే ఏఐ ప్రోగ్రాం, ఉండదు. మనం చెప్పిన మాటల్ని ఒక సూచనకి ముందు అతికించి, వేరే కంపెనీ మోడల్‌కి పంపి, వచ్చింది మనకి చూపిస్తాయి. ఆ మోడల్ చేసేది, ఇప్పటిదాకా ఉన్న మాటల తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టడం. పాత పుస్తకం అనగానే అమ్మమ్మ రావడం అందుకే. మీ ఇంట్లో ఏం జరిగిందో మీరు చెప్తే తప్ప దానికి తెలిసే దారి లేదు, తెలియనిచోట ఆగిపోకుండా నమ్మేలా ఏదో ఒకటి రాసేస్తుంది. పోస్టుకి అసలు ప్రాణం మన దగ్గర మాత్రమే ఉన్న సంగతి. అది అందులో వేయకపోతే వచ్చేది ఎవరికైనా సరిపోయే పోస్టే.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో దెబ్బ ఉంది. "అపరిమితం" అన్న ప్లాన్‌లో కూడా నెలకిన్ని క్రెడిట్లు అని లోపల పెట్టారు. ఆ క్రెడిట్లు టోకెన్ల లెక్క. టోకెన్లంటే మోడల్ మాటల్ని విడగొట్టుకునే చిన్న ముక్కలు. కంప్యూటర్‌లో అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు చాలు, తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ 3 బైట్లు పడతాయి. చాలా మోడళ్లు తెలుగు మాటని ఇంగ్లిష్ మాటకన్నా ఎక్కువ ముక్కలు చేస్తాయి. అందుకే అదే పొడవు పోస్టుకి మన క్రెడిట్లు తొందరగా అయిపోతాయి. నాకు నెల సగంలోనే అయిపోయాయి, మళ్లీ కొనుక్కోమంది. డబ్బు కట్టేముందు క్రెడిట్ అంటే ఏంటో, తెలుగులో ఒక పోస్టుకి ఎన్ని పోతాయో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

అందులో "కస్టమర్ అభిప్రాయాలు తయారుచేయి" అనే బటన్ కూడా ఉంది. దాని జోలికి అసలు వెళ్లకండి. లేని మనుషుల పేర్లతో పొగడ్తలు రాసి పెట్టడం మోసం. ఏఐతో రాయించిన నకిలీ రివ్యూల్ని కూడా కలిపి నిషేధిస్తూ అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నిబంధన 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అలాంటి బటన్ పెట్టినవాళ్లు మన పరువు గురించి ఎంత ఆలోచించి ఉంటారు?

నేను ఏఐని పూర్తిగా మానలేదు. పని అవ్వగానే ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేస్తాను: పుస్తకం ఎవరిది, ఎక్కడ చిరిగింది, దారం ఎందుకు మార్చాల్సి వచ్చింది. పేర్లు, ఇంటి సంగతులు తీసేసి ఆ నోట్సు మామూలు చాట్‌బాట్‌కి ఇస్తాను. వీటిని ఏ వారం ఏది పెడితే బాగుంటుందో వరసపెట్టు, ఒకే సంగతి రెండుసార్లు వస్తే చెప్పు, ఇంకా ఏం చెప్పాలో నన్ను ప్రశ్నలడుగు, వాక్యాలు మాత్రం రాయకు అంటాను. మొన్న "ఆ దారానికి మైనం ఎందుకు రాశారు?" అని అడిగింది. దాని మీద నేనే ఒక పోస్టు రాశాను, చాలామంది చదివారు. ఇప్పుడు వారానికి రెండే పెడుతున్నాను. మెసేజ్‌లకి జవాబు నేనే ఇస్తాను, ఆలస్యమైనా సరే.

ఇక రీఫండ్ సంగతి. ఏడు రోజుల ట్రయల్ ముగియగానే ఏడాది చందా దానంతటదే కోసుకుంటుందని చిన్న అక్షరాల్లో ఉంది. వాడటం మొదలుపెట్టాక రీఫండ్ లేదన్నారు. నాలుగు మెయిళ్లు పెట్టాను, డబ్బు రాలేదు. ఇంకో సంగతి, చందా రద్దు చేశాక కూడా ముందే షెడ్యూల్ చేసిన రెండు పోస్టులు నా పేజీలో పడ్డాయి. చందా ఆపడం వేరు, మన అకౌంట్‌లోకి వచ్చే అనుమతి తీసేయడం వేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే సెట్టింగ్స్‌లో "యాప్స్ అండ్ వెబ్‌సైట్స్" అనే చోట ఏ టూల్‌కి అనుమతి ఇచ్చామో కనిపిస్తుంది, అక్కడే తీసేయాలి. పాస్‌వర్డే ఇచ్చి ఉంటే వెంటనే మార్చండి.

ఇప్పుడు ఇలాంటి ట్రయల్‌లో ఉన్నవాళ్లు ముందు ఆటో జవాబులు ఆపేయండి, షెడ్యూల్‌లో మిగిలిన పోస్టులన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చదవండి. మీ పేరుతో ఇప్పటికే వెళ్లిన జవాబుల్ని కూడా వెనక్కి వెళ్లి చూసుకోండి. ఎవరికైనా ఫోన్ చేయాల్సి ఉంటే ఈరోజే చేయండి.