కొండ దారిలో మూడు రోజులు, చూపంతా ఆర్‌పీఎం ముల్లు మీదే

మూడు రోజుల ట్రిప్పు ముగించుకుని నిన్న రాత్రే ఇల్లు చేరాం. మాది ఐదు గేర్ల మాన్యువల్ పెట్రోలు కారు. ఏ దారిలో ఎంత తాగుతుందో చూద్దామని ఈసారి ట్యాంక్ ఫుల్ నుంచి ఫుల్‌కి లెక్కేశాను.

హైవే బాగుంది. ఐదో గేరులో 85 మీద వెళ్తుంటే ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) 2,200 దగ్గర కదలకుండా ఉంది, లీటరుకి 19 వచ్చింది. ఆలస్యమైందని ఓ గంట 115లో తోలాను, ముల్లు 3,000కి చేరింది, డిస్‌ప్లేలో మైలేజీ 14కి పడిపోయింది. లోపల రాపిడి పెరగడం ఒకటైతే, అంతకన్నా పెద్ద దెబ్బ గాలిది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఇంతా చేసి కలిసొచ్చింది ఇరవై నిమిషాలు.

ఘాట్‌లో మాత్రం తప్పు చేశాను. పెట్రోలు ఆదా అవుతుందని మూడో గేరులోనే 1,300 మీద ఎక్కించబోతే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా బండి లాగదు, గేర్ రాడ్ చేతిలో వణుకుతోంది, ముందు నుంచి గుడగుడమని చప్పుడు. తక్కువ ఆర్‌పీఎంలో అంత బరువు పడితే బేరింగుల మధ్య ఆయిల్ పొర పలచబడుతుంది, నాకింగ్ (ఇంజిన్‌లో పెట్రోలు సరిగా మండక టకటకమని కొట్టుకోవడం) కూడా మొదలవుతుంది. రెండో గేరులోకి దించాక ముల్లు 2,800కి వెళ్లింది, చప్పుడు పెరిగింది గానీ వణుకు పోయింది, సగం తొక్కితే చాలు హాయిగా ఎక్కింది.

పైన దిగిన గెస్ట్‌హౌస్ గదులు శుభ్రంగా ఉన్నాయి, పార్కింగే బాలేదు. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో నిటారు ర్యాంప్ ఎక్కాలి. వాచ్‌మన్‌ని అడిగితే పాపం రాత్రే పైన చదునుగా ఉన్నచోట పెట్టించాడు. అందుకు ఆయనకి ఎంతైనా థ్యాంక్స్ చెప్పాలి. ఆయిల్ వేడెక్కేదాకా ఇంజిన్‌ని గట్టిగా తొక్కకపోతే అరుగుదల చాలా తగ్గుతుంది.

దిగేటప్పుడు రెండో గేరు, యాక్సిలరేటర్ మీద కాలే లేదు, ముల్లు 3,000. "ఎందుకండీ అంత అరుస్తోంది, పాడవదా?" అని మా ఆవిడకి టెన్షన్. పాడవదు. కాలు తీసేసినప్పుడు ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మేవి) పెట్రోలే పంపవు, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి, బ్రేకులు కాలవు. న్యూట్రల్‌లో దిగితే ఐడ్లింగ్‌కి (ఇంజిన్ ఊరికే తిరగడానికి) పెట్రోలూ పోతుంది, ఇంజిన్ బండిని ఆపి పట్టదు కూడా. కిందికొచ్చాక చక్రాల దగ్గర కాలిన వాసనే లేదు, తను చెయ్యి పెట్టి మరీ చూసింది.