రోర్షాక్ ముందా, టీఏటీ ముందా?

ఉస్మానియాలో సైకాలజీ పీజీ చేసేవాళ్లకు ఎప్పుడూ వచ్చే సందేహమే ఇది. రెండూ మనిషి మనసును అంచనా వేసే పరీక్షలే: రోర్షాక్‌లో సిరా మరక చూపించి ఏం కనిపిస్తోందని అడుగుతారు, టీఏటీ (థీమాటిక్ అపర్సెప్షన్ టెస్ట్)లో బొమ్మ చూపించి కథ చెప్పమంటారు.

సరంజామా: రోర్షాక్‌లో 10 సిరా మరకల కార్డులు, 1921 నుంచీ అవే. టీఏటీలో 31 కార్డులు, ఒకటి పూర్తిగా ఖాళీ. అన్నీ ఒకరికే చూపించరు, పదీ పన్నెండు చాలు.

ఖర్చు: సొంతంగా కొనకండి, ల్యాబ్ సెట్ వాడుకోండి.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. మరక చూసి "గబ్బిలం" అన్నారని రాసుకుంటే పని అయిపోదు. ఏ భాగంలో చూశారు, ఆకారం వల్లా రంగు వల్లా, అది అందరికీ కనిపించేదేనా, ప్రతి జవాబుకీ కోడ్ వేయాలి. చేయి తిరగడానికి నెలలు పడుతుంది. టీఏటీలో కథ చెప్పించడం తేలికే: ముందేం జరిగింది, ఇప్పుడేం జరుగుతోంది, చివరికేమవుతుంది. అర్థం చెప్పేటప్పుడే టెన్షన్.

రిస్క్: రోర్షాక్ మరకలు నెట్‌లో దొరుకుతాయి. ముందే చూసి వచ్చినవాళ్ల జవాబులను ఎంతని నమ్ముతాం? టీఏటీలో మన సొంత కథను ఎదుటివాళ్లకు అంటగట్టే ప్రమాదం ఎక్కువ. పైగా అవి 1930ల అమెరికా బొమ్మలు, మలక్‌పేట అత్తగారికి ఆ బట్టలే వింత! టీఏటీకి ఉమా చౌధురి చేసిన భారతీయ రూపం ఇక్కడ నయం.

ఆలోచనా తీరులోనే తేడా ఉందనిపిస్తే రోర్షాక్ వైపు వెళ్లండి. ఇంటి గొడవలు, బంధాలు తెలియాలంటే టీఏటీ. మాట పెగలని మనిషికి కథ చెప్పమనడం శిక్షే, మరకలే మేలు. ఏదైనా సరే, ఒక్కదాన్నే పట్టుకుని జబ్బు పేరు రాయకండి. సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీకి వెళ్లే తమ్ముళ్లకైతే ఈ సందేహమే అక్కర్లేదు, అక్కడ ఇచ్చేవి కథ రాసే బొమ్మలే.