ఖరీదైన మడత కత్తులు: ఏ ఉక్కు నిలిచింది, ఏ పిడి చేతికి కుదిరింది

ఖరీదైన మడత కత్తి కొనాలనుకున్నవాళ్లు ఎక్కువగా వెతికేది ఎం390 అనే ఉక్కు బ్లేడు, టైటానియం పిడి ఉన్న జోడీ. రెండూ మంచివే, కాదనను. కానీ రోజూ జేబులో పెట్టుకుని అట్టపెట్టెలు, తాళ్లు, ప్లాస్టిక్ పట్టీలు, పళ్లు కోసేవాళ్లకి ఇన్నేళ్ల వాడకం మీద నేను చెప్పేది వేరే జోడీ: మాగ్నాకట్ అనే ఉక్కు బ్లేడు, లోపల స్టీలు లైనర్లు (పల్చటి పలకలు) ఉన్న మైకార్టా (గుడ్డ, రెజిన్ కలిపి చేసిన పలక) పిడి.

ముందు ఉక్కు సంగతి. ఎం390లో కార్బన్ 1.9 శాతం, క్రోమియం 20 శాతం. ఆ 20 చూసి తుప్పు దరిచేరదనుకుంటారు. నిజానికి అందులో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి కార్బైడ్ రేణువులుగా మారిపోతుంది. తుప్పుని ఆపేది ఉక్కులో కరిగి ఉన్న క్రోమియమే. లోహ శాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించగా 2021లో వచ్చిన మాగ్నాకట్‌లో క్రోమియం 10.7 శాతమే, అయినా తుప్పు విషయంలో ఎం390 కంటే మెరుగు. హీట్ ట్రీట్‌మెంట్ (ఉక్కుని వేడి చేసి చల్లార్చి గట్టిపరచడం) అయ్యాక అందులో క్రోమియం కార్బైడ్లు మిగలవు, సన్నటి వెనేడియం, నియోబియం కార్బైడ్లే ఉంటాయి. నిమ్మకాయ కోసి కడగకుండా మడిచేసినా మరక పడకపోవడం దీని పుణ్యమే.

పదును నిలకడలో మాత్రం ఎం390దే పైచేయి. వట్టి అట్ట కోస్తూ పోతే అది మాగ్నాకట్ కంటే ఇంకాస్త ఎక్కువసేపు లాగుతుంది. చిక్కంతా అట్టలో స్టేపుల్ పిన్ను తగిలినప్పుడు. అంచుని దీపం కింద పైకి తిప్పి చూస్తే తెలుస్తుంది: పదునున్న అంచు వెలుగుని తిప్పికొట్టదు, దెబ్బతిన్న చోట చుక్కలా మెరుస్తుంది. ఆ చుక్క మీద గోరు నెమ్మదిగా జరిపితే మాగ్నాకట్ మీద చాలాసార్లు చిన్న సొట్టే తగులుతుంది, తోలు పట్టీ మీద నాలుగు సార్లు లాగితే సర్దుకుంటుంది. ఎం390 మీద గోరు పట్టేసిందంటే పెచ్చు ఊడిందన్నమాట. అది పోవాలంటే రాయి మీద అంచు మొత్తం అరగదీయాల్సిందే.

ఇంకో ఉక్కు ఎస్35వీఎన్ 2009లో వచ్చింది. దానికి ముందున్న ఎస్30వీలో 4 శాతం ఉన్న వెనేడియాన్ని 3కి తగ్గించి, అర శాతం నియోబియం చేర్చారు. ఇప్పటికీ ఇది ఎక్కడా తక్కువ తినదు, అందుబాటులో ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. డీ2 అనే ఉక్కులో 12 శాతం క్రోమియం ఉన్నా దాన్ని స్టెయిన్‌లెస్ అనలేం, చెమట జేబులో తుప్పు చుక్కలు పడతాయి.

ఉక్కు పేరు కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి హీట్ ట్రీట్‌మెంట్: ఒకే ఉక్కు 58 రాక్‌వెల్ (గట్టిదనం కొలత) దగ్గర ఒకలా, 62 దగ్గర ఇంకోలా నడుస్తుంది. తయారీదారు ఆ అంకె చెప్పకపోతే అడగండి. రెండోది పదును వాలు మొదలయ్యే చోట బ్లేడు మందం. కాలిపర్‌తో అక్కడే కొలవండి. 0.3 నుంచి 0.4 మి.మీ. ఉంటే అట్టలోకి ఇట్టే దిగుతుంది, 0.7 ఉంటే పదునున్నా మధ్యలో బిగుసుకుంటుంది. పల్చగా తీసిన మామూలు 14సీ28ఎన్ ఉక్కు బ్లేడు మందపాటి ఎం390ని కోతలో ఓడిస్తుంది. దీన్ని చాలామంది పట్టించుకోకపోవడం నిజంగా బాధాకరం.

సానబెట్టడం దగ్గరికొస్తే, వెనేడియం కార్బైడ్లు మామూలు సానరాయిలోని అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టివి. అలాంటి రాయి మీద కార్బైడ్లు సరిగా అరగవు, చుట్టూ ఉన్న ఉక్కే అరుగుతుంది. పని సాగదు, వచ్చిన పదునూ త్వరగా పోతుంది. అందుకని డైమండ్ ప్లేట్లే వాడండి. ఒక్కో పక్కకి 17 డిగ్రీలు చాలు. 25 మి.మీ. వెడల్పు బ్లేడుకి వెన్ను రాయి నుంచి సుమారు 7 మి.మీ. ఎత్తులో ఉంటే ఆ కోణం వస్తుంది. 400 గ్రిట్ (గరుకు నంబరు) ప్లేటు మీద ఒక పక్క రుద్దుతూ, అవతలి పక్క మడమ (పిడి వైపు చివర) నుంచి మొన దాకా బర్, అంటే అంచు మీద లేచే సన్నటి ఉక్కు పొర, వేలికి తగిలేవరకు ఆగకండి. వేలు వెన్ను వైపు నుంచి అంచు బయటికి జరపాలి, అంచు వెంట కాదు. తర్వాత రెండో పక్క, ఆపైన 1000 గ్రిట్ మీద బరువు వేయకుండా పక్క మార్చి పక్క, చివర్లో 1 మైక్రాన్ డైమండ్ పేస్టు రాసిన తోలు పట్టీ. కొత్తగా సానబెట్టిన కత్తి ఒక్క పెట్టెకే మొద్దుబారిందంటే తప్పు ఉక్కుది కాకపోవచ్చు. బర్ పూర్తిగా పోలేదేమో ముందు చూడండి.

పిడి విషయంలో నా మాట సూటిగా: టైటానియం లాక్‌కి మంచిదే, చేతికి కాదు. తడి చేతిలో జారుతుంది. స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకి 7.8 గ్రాముల దాకా ఉంటే దీనిది 4.4, నిజమే, కానీ జీ10ది (గాజు పీచు, రెజిన్ పలక) 1.8 దరిదాపుల్లో, మైకార్టాది 1.4. లోపల చెక్కి తీయని టైటానియం పలకలు జేబులో బరువుగానే ఉంటాయి. ఫ్రేమ్ లాక్‌లో, అంటే పిడి పలకే వంగి బ్లేడుని ఆపే రకంలో, టైటానియం నేరుగా బ్లేడు ఉక్కుకి తగిలితే పట్టేస్తుంది, విడిపించడానికి బొటనవేలు నొప్పెడుతుంది. తగిలే చోట పెన్సిల్ ముల్లు రుద్దితే కొన్నాళ్లు సాఫీగా ఉంటుంది. శాశ్వత పరిష్కారం కావాలంటే లాక్ చివర స్టీలు ముక్క బిగించిన మోడలే చూసుకోవాలి. టైటానియం పిడి మీది నీలం, ఊదా రంగులు పూత కాదు, ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి కనిపించే రంగులు. క్లిప్ దగ్గర, మూలల్లో ముందుగా పోతాయి.

కార్బన్ ఫైబర్ తేలిక, చూడ్డానికి బాగుంటుంది, నున్నగా పాలిష్ చేస్తే మాత్రం జారుతుంది. గట్టి నేల మీద పడితే అంచుల్లో పెచ్చు లేస్తుంది. జీ10కి నీళ్లూ నూనే ఏం చేయవు, కానీ గరుకు రకం జేబు గుడ్డని క్లిప్ కింద కొరికేస్తుంది. క్లిప్ తీసి అక్కడ మాత్రమే 600 నంబరు ఎమరీ కాగితంతో తడిగా రుద్దండి. ఆ దుమ్ములో గాజు పీచు ఉంటుంది, మాస్కు లేకుండా రుద్దొద్దు, తడపకుండానూ రుద్దొద్దు.

మైకార్టా అంటే ఎక్కువగా నూలు గుడ్డ పొరలని రెజిన్‌తో అదిమి చేసిన పలక. పాలిష్ చేయనిదైతే చెమట, నూనె పీల్చుకుని నల్లబడుతుంది, తడిసినా పట్టు వదలదు. సబ్బు నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలావరకు పాత రంగుకి వస్తుంది. కొత్తదానిలా ఉండిపోవాలనుకునేవాళ్లు దీని జోలికి పోకండి, జీ10 తీసుకోండి.

ఇరుసు దగ్గర బాల్ బేరింగులు విసురుగా తెరుచుకుంటాయి, కానీ దుమ్ము, పళ్ల రసం లోపలికి పోతే గరగరమంటాయి. ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు కాస్త నిదానం, మురికిని మాత్రం బాగా తట్టుకుంటాయి. విప్పి కడగాలంటే ఇరుసుకి ఎక్కువగా టీ8, మిగతా స్క్రూలకి టీ6 (నక్షత్రం ఆకారం) బిట్టు పడుతుంది. స్క్రూ కదలకపోతే బలం పెట్టకండి, టీ6 తల ఇట్టే అరిగిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ మొనని తల మీద కొన్ని సెకన్లు ఆనించి లోపలి థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా వేసే జిగురు) మెత్తబడ్డాక తిప్పండి. మళ్లీ బిగించేటప్పుడు థ్రెడ్‌లాకర్ నీలం రకం చిన్న చుక్క చాలు, అదీ స్క్రూ మర మీదే. వాషర్ల వైపు కారితే బ్లేడు బిగుసుకుపోతుంది.