పిల్లలతో హార్వర్డ్ ఎంబీఏ: చార్లెస్ నదికి ఏ ఒడ్డున దిగాలి?

హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో సీటు తెచ్చుకుని భార్యనో భర్తనో, ఒకరిద్దరు పిల్లలనో వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు యూనివర్సిటీ ఇళ్ల జాబితాలో రెండు పేర్లు ముందు కనబడతాయి. ఒకటి సోల్జర్స్ ఫీల్డ్ పార్క్. బిజినెస్ స్కూల్ పక్కనే, బోస్టన్ నగరంలోని ఆల్‌స్టన్‌లో ఉంటుంది. రెండోది పీబడీ టెరస్. నదికి అవతలి ఒడ్డున, కేంబ్రిడ్జ్ నగరంలో. క్లాసుకు దగ్గర కదా అని చాలామంది మొదటిదానికే టిక్కు పెట్టేస్తారు. బిడ్డ చంటిపిల్ల అయితే అది సరే. బడి ఈడు పిల్లలుంటే మాత్రం తొందరపాటే. క్లాసుకు వెళ్లేది ఇంట్లో ఒక్కరు. మిగతావాళ్ల రోజంతా ఆ ఇంటి చుట్టుపక్కలే గడుస్తుంది.

ముందు ఆ ఒక్కరి సంగతి. ఇక్కడ పాఠాలన్నీ కేస్ పద్ధతిలో నడుస్తాయి, అంటే ఒక కంపెనీకి ఎదురైన సమస్యను ముందే చదువుకొచ్చి క్లాసులో చర్చించడం. రెండేళ్లలో దాదాపు 500 కేసులు. రోజుకు రెండు లేదా మూడు, ఒక్కో క్లాసు 80 నిమిషాలు, సెక్షన్‌లో 90 మంది. చాలా కోర్సుల్లో మార్కుల్లో దాదాపు సగం క్లాసులో నోరు విప్పినందుకే. అంటే బిడ్డకు జ్వరమని ఇంట్లో ఉండిపోతే తర్వాత నోట్సు తెచ్చుకుని సర్దుకునే చదువు కాదిది. ఒక కేసు సరిగ్గా చదవాలంటే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. క్లాసుకు ముందు పొద్దున్నే డిస్కషన్ గ్రూపు ఉంటుంది. సరిగ్గా పిల్లలకు పళ్లు తోమించి, డబ్బా సర్దే వేళ. కాబట్టి మొదటి ఏడాది ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పొద్దుటి పూట పిల్లల పని మొత్తం రెండోవారిదే అని ముందే ఒప్పుకుని బయల్దేరాలి. 'చెరి సగం' అనుకుని వెళ్లిన ఇళ్లలోనే అక్టోబరుకల్లా మాటలు తగ్గిపోతాయి. రెండో ఏడాది కోర్సులు మనం ఎంచుకునేవి కనుక కాస్త ఊపిరాడుతుంది.

సోల్జర్స్ ఫీల్డ్ పార్క్ గొప్పతనం ఇక్కడే. రెండు క్లాసుల మధ్య ఇంటికొచ్చి అన్నం తిని, బిడ్డను పది నిమిషాలు ఎత్తుకుని మళ్లీ వెళ్లొచ్చు. ఆవరణలోనే హార్వర్డ్ అనుబంధ డే కేర్ ఒకటుంది. వెస్టర్న్ ఎవెన్యూ మీద నడుచుకుంటూ పోతే బ్యారీస్ కార్నర్ దగ్గర ట్రేడర్ జోస్ సరుకుల దుకాణం. చుట్టూ ఉండేవాళ్లలో బిజినెస్ స్కూల్ కుటుంబాలు చాలానే కనుక, సాయంత్రం పిల్లలు ఆడుకునే చోట రెండోవారికి పరిచయాలు వాటంతటవే కుదురుతాయి. స్కూల్లో తల్లిదండ్రులకు క్రిమ్సన్ పేరెంట్స్ అనే క్లబ్బు కూడా ఉంది. చిక్కల్లా రెండు. ఒక పక్క సోల్జర్స్ ఫీల్డ్ రోడ్డు మీద కార్ల హోరు. అంతకన్నా పెద్దది, చిరునామా బోస్టన్‌ది కావడం.

బోస్టన్‌లో ఇంటి పక్క బడికే సీటు వస్తుందన్న నమ్మకం లేదు. చిరునామాను బట్టి నగరం ఒక బడుల జాబితా ఇస్తుంది. అందులోంచి మీ ఇష్టాలు వరుసగా రాసివ్వాలి, కేటాయింపు వాళ్లది. మొదటి విడత నమోదు చలికాలంలోనే మొదలవుతుంది. వీసా చేతికొచ్చి ఆగస్టులో విమానం దిగేవాళ్లకు మిగిలేది మిగిలిన సీట్లే. ఐదేళ్లు నిండిన బిడ్డకు ఎక్కడో ఒకచోట సీటు తప్పకుండా ఇస్తారు, కానీ అది బస్సెక్కి పోవాల్సిన బడి కావచ్చు. నాలుగేళ్లవాళ్లకు ఉచిత సీట్లున్నా అందరికీ దొరుకుతాయని లేదు.

కేంబ్రిడ్జ్‌లోనూ ఇష్టాల వరుసే, కేటాయింపే. కానీ ఊరు చిన్నది, ఎక్కడ పడినా బడి మరీ దూరం కాదు. పైగా 2024 నుంచి నాలుగేళ్ల పిల్లలందరికీ నగరమే ఉచితంగా ప్రీస్కూల్ నడుపుతోంది. దరఖాస్తు మాత్రం చేసుకోవాలి. ఆ ఈడు బిడ్డకు డే కేర్ ఫీజు ఎంతో తెలిసినవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు పీబడీ టెరస్‌కు మొగ్గడానికి.

ఫీజు ఎందుకంత అంటే, దుకాణదారుడి ఆశ కాదు, రాష్ట్ర నియమం. మసాచుసెట్స్‌లో 15 నెలల లోపు పసివాళ్లు ముగ్గురికి ఒక టీచరు ఉండాలి, ఇద్దరు టీచర్లుంటే ఏడుగురు. 33 నెలలు దాటితే పదిమందికి ఒకరు చాలు. అందుకే పసిపిల్లల సీట్లు తక్కువ, ఖరీదు ఎక్కువ. అడ్మిషన్ మెయిల్ వచ్చిన వారంలోనే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం దాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. సోల్జర్స్ ఫీల్డ్ పార్క్‌లో ఉన్నట్టే పీబడీ టెరస్‌లోనూ హార్వర్డ్ అనుబంధ కేంద్రం ఉంది కనుక డే కేర్ విషయంలో రెండు ఒడ్డులూ సమానం.

ఇక పీబడీ టెరస్ భవనం. హార్వర్డ్ డిజైన్ స్కూల్ డీన్‌గా పనిచేసిన హోసెప్ లూయి సెర్ట్ గీసినది, 1964లో పూర్తయింది. 22 అంతస్తుల టవర్లు మూడు. ఆర్కిటెక్చర్ విద్యార్థులు కెమెరాలతో తిరిగే చోటు. స్ట్రోలర్ తోసేవాళ్ల చూపు మాత్రం లిఫ్టు మీదుంటుంది. ఇక్కడ లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగదు, మూడింట ఒకదానిలోనే ఆగుతుంది. వరండా కూడా ఆ అంతస్తులోనే. మీ ఇల్లు మధ్య అంతస్తులో పడితే లిఫ్టు దిగి ఒక వరస మెట్లు ఎక్కాలి, లేదా దిగాలి. ఒక చంకలో నిద్రపోయిన బిడ్డ, రెండో చేత్తో మడిచిన స్ట్రోలర్, భుజానికి పాల గ్యాలన్ ఉన్న సంచి. జనవరి కోటు వేసుకుని ఆ మెట్లు రోజుకు నాలుగుసార్లు. పోనీ, దీనికో లాభమూ ఉంది. వరండా లేని అంతస్తుల్లో ఇల్లు భవనానికి ఈ వైపు నుంచి ఆ వైపు దాకా ఉంటుంది కనుక రెండు వైపులా కిటికీలు, గాలి బాగా ఆడుతుంది. మన వంట పోపుకు అది చిన్న సుఖమేం కాదు. ఇల్లు ఒప్పుకునే ముందు 'లిఫ్టు ఆగే అంతస్తేనా?' అన్న ఒక్క ప్రశ్న మెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి.

అక్కడి నుంచి క్లాసుకు మెమోరియల్ డ్రైవ్ వెంబడి వెళ్లి వీక్స్ నడక వంతెన దాటితే దాదాపు పావుగంట. వెచ్చటి రోజుల్లో హాయిగా ఉంటుంది. జనవరిలో నది మీది గాలి మొహం కోస్తుంది, వంతెన మీద మంచు గట్టిపడితే జారుతుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చిపోవడం ఇక్కడ కుదరని పని అనుకోండి. బదులుగా, ఏప్రిల్ చివరి నుంచి నవంబరు దాకా ఆదివారాలు మెమోరియల్ డ్రైవ్‌లో కొంతమేర కార్లు ఆపేస్తారు. సైకిల్ నేర్చుకునే పిల్లలకు అంతకన్నా మంచి రోడ్డు దొరకదు.

రెండూ కాక ప్రైవేటు ఇల్లు చూద్దామా అంటారా? ఇంటి యజమాని మొదటి నెల, చివరి నెల అద్దెలతో పాటు ఒక నెల డిపాజిట్ ముందే అడగొచ్చు. 2025 ఆగస్టు నుంచి బ్రోకర్‌ను ఎవరు పెట్టుకుంటే వాళ్లే ఫీజు కట్టాలన్న చట్టం వచ్చింది కనుక ఆ ఫీజు రూపంలో పడే నాలుగో నెల అద్దె భారం కొంత తగ్గింది. తెలియని ఇబ్బంది ఇంకోటుంది. 1978కి ముందు కట్టిన ఇంట్లో ఆరేళ్ల లోపు బిడ్డ ఉంటే సీసం రంగు ప్రమాదాన్ని యజమానే తొలగించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి చిన్నపిల్లలున్నారనగానే కొందరు మాట మార్చేస్తారు. అలా నిరాకరించడం చట్టవిరుద్ధమే, కానీ ఆగస్టులో సూట్‌కేసులతో నిలబడి కోర్టుకు ఎవరెళ్తారు? యూనివర్సిటీ ఇంటికి ఈ తలనొప్పి ఉండదు, దానికి ఇచ్చే మార్కుల్లో సగం ఇందుకే ఇవ్వాలి.

బడి నమోదులో మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది టీకాల దగ్గర. మసాచుసెట్స్‌లో కిండర్‌గార్టెన్‌కు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా) రెండు, చికెన్‌పాక్స్ రెండు, డీటీఏపీ (కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు) ఐదు, పోలియో నాలుగు, హెపటైటిస్ బి మూడు డోసులు చూస్తారు. మన ప్రభుత్వ టీకాల పట్టికలో చికెన్‌పాక్స్ లేదు. తట్టు, రూబెల్లాలకు వేసే ఎంఆర్ ఉంది గానీ గవదబిళ్లల టీకా లేదు. తొమ్మిదో నెలలో వేసింది ఎంఎంఆర్ అయినా అక్కడ లెక్కలోకి రాదు, మొదటి పుట్టినరోజు తర్వాత వేసినవే లెక్క. 2016 ఏప్రిల్ నుంచి వేసిన పోలియో చుక్కలనూ లెక్కించరు, ఇంజెక్షన్‌గా వేసిన పోలియో టీకానే చూస్తారు. కాబట్టి ప్రయాణానికి కనీసం నాలుగు నెలల ముందు పిల్లల డాక్టర్ దగ్గర కూర్చుని లోటు పూడ్చుకోండి. చికెన్‌పాక్స్ రెండు డోసుల మధ్యే మూడు నెలలు కావాలి మరి. డాక్టర్ లెటర్‌హెడ్ మీద ఒక్కో టీకా తేదీ నెల పేరుతో సహా టైపు చేయించుకోండి. 05/07 అని రాస్తే మనకు జూలై ఐదు, వాళ్లకు మే ఏడు. రక్తంలో సీసం పరీక్ష కాగితమూ అడుగుతారు. బీసీజీ వేసిన బిడ్డకు చర్మం మీద చేసే టీబీ పరీక్ష ఉత్తినే పాజిటివ్ చూపించొచ్చు. అలాంటప్పుడు రక్త పరీక్ష చేయమని అడగండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న ఫారంలో తెలుగు అని రాస్తే బిడ్డకు ఇంగ్లీషు పరీక్ష పెడతారు. భయపడి ఇంగ్లీషని రాయకండి, అదనపు సాయం పోతుంది.

విద్యార్థి భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చే ఎఫ్-2 వీసా మీద వచ్చే బిడ్డకు ప్రభుత్వ బడి ఉచితం. పెద్దవాళ్లకు మాత్రం ఆ వీసా ఇరుకు చొక్కా. ఉద్యోగం చేయకూడదు, సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. 2015 నుంచి పార్ట్‌టైమ్ చదువుకు వీలుంది. ప్రవేశ పరీక్ష లేకుండా ఒక్కో కోర్సు తీసుకునే వీలు హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ స్కూల్లో ఉంది కనుక ఈ ఊరు ఆ మేరకు నయం. హైదరాబాద్ కంపెనీకి ఇక్కణ్నుంచి రిమోట్‌గా పనిచేస్తే తప్పేముంది అని చాలామంది అనుకుంటారు. ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా ఆ పని చేయొద్దు. పన్నుల కాలంలో 8843 ఫారం ఇంట్లో ప్రతి ఒక్కరి పేరనా పంపాలి. ఆదాయం లేని రెండేళ్ల బిడ్డ పేరన కూడా. ఆరోగ్య బీమాలో కుటుంబాన్ని చేర్చడానికి విడిగా డబ్బు కట్టాలి, దానికి గడువుంటుంది. గడువు దాటితే ఏడాది చిక్కు. మరి ఇంగ్లండ్ మేలు కదా అనేవాళ్లకు ఒక మాట: 2024 జనవరి నుంచి అక్కడ ఎంబీఏ లాంటి కోర్సుల్లో చేరేవాళ్లు కుటుంబాన్ని డిపెండెంట్లుగా తెచ్చుకోవడానికే వీల్లేదు.

కాగితాల దగ్గర తెలుగు ఇళ్ల గొడవ ఇంటిపేరుతోనే. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు పొడి అక్షరంగా, తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, బిడ్డకు ఇంటిపేరే లేకుండా ఉంటే ముగ్గురి ఐ-20లూ మూడు కుటుంబాలవిగా కనబడతాయి. ఒక గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుకు వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడి, బ్యాంకు ఖాతా దాకా వెంటాడుతుంది. ఐ-20 కంటే ముందే పాస్‌పోర్టు సరిచేయించండి. సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన వివాహ ధ్రువపత్రం, బిడ్డ పేరు ఎక్కించిన జనన ధ్రువపత్రం దగ్గరుంచుకోండి. విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థ సెవిస్‌కు కట్టే ఫీజు 350 డాలర్లు చదివేవారికి మాత్రమే. 185 డాలర్ల వీసా దరఖాస్తు ఫీజు మాత్రం తలా ఒకటి. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా పెట్టమంటున్నారు, ఎఫ్-2 దరఖాస్తుదారులతో సహా.

సరుకుల సంగతి సులువు. వెస్టర్న్ ఎవెన్యూలో 70 నంబరు బస్సెక్కితే వాల్తామ్. అక్కడ మూడీ స్ట్రీట్‌లో పటేల్ బ్రదర్స్, కందిపప్పు నుంచి కరివేపాకు దాకా. పెద్దలకు 1.70 డాలర్లు, పదకొండేళ్ల దాకా పిల్లలకు టికెట్ లేదు. ఒక్కటే జాగ్రత్త, పది కిలోల బియ్యం బస్తా కొంటే తిరుగు ప్రయాణంలో స్ట్రోలర్‌లో కూర్చునేది బియ్యమే, బిడ్డ నడవాలి.

చివరి ఏడాది ఇంకో లెక్క. పట్టా మే నెలాఖరులో చేతికొస్తుంది. బడులు జూన్‌లో గానీ ముగియవు, మంచు వల్ల మూసిన రోజులన్నీ చివర్లో కలుపుతారు కనుక ఆఖరి రోజు ఏదో మార్చి దాటేదాకా తేలదు. లీజు ముగిసే తేదీ, బడి ఆఖరి రోజు పక్కపక్కన రాసుకుని చూశాకే టికెట్లు కొనండి.